సంతకం కోసం వెల్లింగ్టన్ దాకా

న్యూజిలాండ్‌లో రోడ్డు మీద ఎవరినైనా దారి అడిగితే, వాళ్లకి తెలియకపోతే తెలియదనే చెబుతారు. ఇందులో వింతేముంది అనిపించవచ్చు. మన ఊళ్లో ఒకసారి అడిగి చూడండి. భీమవరం బస్టాండు ముందు నిలబడి అసలు లేని వీధి పేరు చెప్పినా, నలుగురు నాలుగు వైపులకి చేతులు చూపిస్తారు. ఇంకొకాయన స్కూటరు ఆపి, ఎక్కండి దిగబెడతానంటాడు. సాయం అడిగిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మనకి చేతకాదు. ఇక్కడి వాళ్లు మాత్రం ఒక క్షణం ఆలోచించి, "సారీ, నాకు తెలీదు" అని నవ్వి, తమ పని మీద తాము వెళ్లిపోతారు. వచ్చిన కొత్తలో నాకది పొగరులా కనిపించేది.

ఈ ఏప్రిల్‌లో మేం ఆక్లండ్ నుంచి వెల్లింగ్టన్ దాకా కారులో వెళ్లి వచ్చాం. నేను, మా ఆయన మురళి, ఇంకా ఏడాది నిండని మా అమ్మాయి వెన్నెల. మనకి ఎండలు ముదిరే ఏప్రిల్ ఇక్కడ ఆకులు రాలే కాలం. ఊళ్లు చూడటానికి వెళ్లింది కాదు, నాకొక పరీక్ష ఉంది. భయంతో ఉన్న మనిషికి కళ్లు ఎక్కువ పనిచేస్తాయేమో, దారిలో చూసినవన్నీ మనసులో నిలిచిపోయాయి. వెన్నెల నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను. ఇటువైపు రాని వాళ్లకి ఈ దేశం కాస్తయినా కనిపిస్తే సంతోషం.

మౌంట్ రాస్కిల్

ఆక్లండ్‌లో మేం ఉండే పేట ఇది. నేను సివిల్ ఇంజినీర్‌ని. కట్టడం నిలబడుతుందా లేదా అని లెక్క వేసి చూడటం నా పని. మన దగ్గర బీటెక్ పట్టా చేతికొచ్చిన రోజు నుంచే ఇంజినీరు. ఇక్కడ లెక్కలు ఎవరైనా వేయవచ్చు గానీ, డ్రాయింగు మీద దీనికి నాది పూచీ అని సంతకం పెట్టాలంటే చార్టర్డ్ ఇంజినీరుగా పేరు నమోదై ఉండాలి. ఇంతకు ముందు బ్రిస్బేన్‌లో ఉన్నప్పుడు క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాను. మురళికి ఆక్లండ్‌లో ఉద్యోగం వచ్చి సముద్రం దాటేసరికి ఆ సంతకం అక్కడే ఉండిపోయింది.

మా ఆఫీసు చిన్నది. సంతకం పెట్టగలిగే మనిషి గ్రేమ్ ఒక్కడే. అరవై దాటిన ఆయన, ఇంక చాలు, పడవలో తిరుగుతూ చేపలు పట్టుకుంటానని చెప్పేశాడు. ఆయన వెళ్లేలోగా నాకు రిజిస్ట్రేషన్ వస్తే ఆ కుర్చీ నాది. రాకపోతే బయటినుంచి ఎవరినో తెచ్చుకుంటారు, నేను ఇంకొకరి సంతకం కోసం డ్రాయింగులు పట్టుకుని నిలబడుతూనే ఉంటాను. క్వీన్స్‌లాండ్ కాగితం చూపించి ఇక్కడ నమోదు కావడానికి దగ్గరి దారి ఒకటుంది. గ్రేమ్ దానికి ఒప్పుకోలేదు.

"అక్కడ నువ్వు గాలివానలకి లెక్కలు వేశావు. ఇక్కడ నేల కదులుతుంది. దాని గురించి నిన్ను ఎవరో ఒకరు కూర్చోబెట్టి అడగాలి. అప్పుడే నా ఫైళ్లు నీకిస్తాను," అన్నాడు.

అడిగేది ఇద్దరు ఇంజినీర్లు. చేసిన పనుల వివరాలు వాళ్లకి ముందే పంపాలి. వాటితో పాటు, నేను ఏ పనులకి పూచీ పడగలనో ఒక్క వాక్యంలో రాసివ్వాలి. నేను రాసింది ఇది: కొత్త ఇళ్లు, పాత భవనాలు, గోదాములు, నీళ్ల ట్యాంకులు, కొండవాలు గోడలు, చిన్న వంతెనలు, స్టీలువైనా, కాంక్రీటువైనా, కలపవైనా, ఇటుకవైనా. కాలేజీలో మాకు నేర్పిందే అది. ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు, ఏదో ఒకటి రాస్తే మార్కు పడుతుంది. గ్రేమ్ కళ్లజోడు పైకెత్తి చదివి, "చాలా పొడుగు వాక్యం," అన్నాడు. మెచ్చుకున్నాడని ఆ సాయంత్రం మురళికి చెప్పాను.

ఆక్లండ్‌లో ఇంటర్వ్యూ కావాలంటే చాలా నెలలు ఆగాలి, వెల్లింగ్టన్‌లో ఒక ఖాళీ ఉందన్నారు. వెన్నెల సీసా ముట్టదు. అందుకని నేనెక్కడుంటే అదీ అక్కడే. చెవిపోటు వచ్చి ఈ మధ్యే తగ్గింది కాబట్టి విమానం వద్దనుకున్నాం.

బయల్దేరే పొద్దున మురళి కారు డిక్కీ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆయనది అనంతపురం. ఆఫీసులో ఎంత ఇంగ్లీషు మాట్లాడినా ఇంట్లో ఆ యాస పోదు.

"ఏందిది, పరీక్షకి పోతాండామా, ఇల్లు మారతాండామా?"

"అవన్నీ వెన్నెలవండీ. ఏది తీసెయ్యమంటారో చెప్పండి."

"దానివి వద్దులే. నీ పుస్తకాల మూట తీసెయ్."

"అవి తీసేస్తే నేనెందుకు రావడం?"

కారు కదిలే ముందు వెనక్కి వంగి వెన్నెల సీటు బెల్టు లాగి చూశాను. వీధి చివర మళ్లీ చూశాను.

"ఇప్పుడే చూస్తివి గదా," అన్నాడు.

"చూశాను. సరిగ్గా చూశానో లేదో అని."

హామిల్టన్ దాటలేక

హామిల్టన్‌లో నడిచే మనుషులు తక్కువ. పాల కోసం కూడా కారులోనే వెళ్తారు. మన పట్నాల్లో బంగారం దుకాణాలు ఎంత దర్జాగా ఉంటాయో, ఇక్కడ ట్రాక్టర్ల షోరూములు అంత దర్జాగా ఉంటాయి. చుట్టూ అంతా పాడి. ఆకుపచ్చ గుట్టల మీద తెలుపూ నలుపూ ఆవులు ఎవరో తీరిగ్గా సర్దిపెట్టినట్టు నిలబడి ఉంటాయి.

పెట్రోలు పోయించుకుంటూ లోపలికి వెళ్లాను. ఇక్కడ ప్రతి బంకులోనూ వెచ్చటి గాజు పెట్టెలో పై అనే తినుబండారం ఉంటుంది. మన కజ్జికాయకి పెద్దన్న లాంటిది, లోపల తీపికి బదులు కూర. లారీ డ్రైవరు నుంచి లాయరు దాకా అందరూ ఒంటి చేత్తో తినేస్తారు. మూడు డాలర్లు. ఆ డబ్బుతో ఇంటి దగ్గర ఇద్దరు టిఫిన్ చేసి కాఫీ కూడా తాగొచ్చు.

"ఇందులో మాంసం ఉందా?" అని కౌంటర్లో ఉన్న ఆవిడని అడిగాను.

"దీని మీద కూరగాయలని రాసుందమ్మా. కానీ చేసింది నేను కాదు, వేడి చేసేదాన్ని అంతే. లోపల ఇంకేం వేశారో నాకు తెలీదు."

ఆ మాట విన్నాక తినబుద్ధి కాలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరే గతి. ఆ రాత్రికి మేం ఆగాల్సిన టౌపో వెళ్లే రోడ్డు మరమ్మతుల కోసం మూసేశారు, వేరే దారి ఉందా అని కూడా ఆవిడనే అడిగాను. "నేను ఊరికి అటు పక్క ఉంటాను. ఇటు ఎప్పుడూ వెళ్లలేదు. మ్యాపులు అక్కడ ఉన్నాయి చూడు," అంది.

"మ్యాపు అమ్ముకోడానికి తెలీదంటోంది," అని బయటికొచ్చి గొణిగాను. పక్క పంపు దగ్గర కారు నింపుకుంటున్న ఆయన చటుక్కున తిరిగాడు.

"తెలుగువాళ్లా అండీ! మాది విజయవాడ. ఎక్కడికి, టౌపోకా? చాలా ఈజీ. ఇలా స్ట్రెయిట్‌గా వెళ్లండి, రౌండబౌట్ దగ్గర లెఫ్ట్ తీసుకోండి. ఇంక కళ్లు మూసుకుని వెళ్లిపోవచ్చు."

నెంబర్లు తీసుకున్నాం, మళ్లీ కలుద్దాం అనుకున్నాం. ఆయన చెప్పినట్టే వెళ్లాం. రోడ్డు సన్నబడింది, ఇంకా సన్నబడింది, చివరికి ఆవుల మంద అడ్డం వచ్చింది. పాలు పితికే వేళ. రోడ్డుకి ఆ పక్క నుంచి ఈ పక్కకి వరసగా దాటుతున్నాయి. వాటి వెనక బైకు లాంటి నాలుగు చక్రాల బండి మీద ఒక రైతమ్మ, బండి మీదే కుక్క. ఆమె ఇంజన్ ఆపి మా కిటికీ దగ్గరకి వచ్చింది.

"ఎక్కడికి?"

"టౌపోకి."

"ఈ రోడ్డు నా ఇంటి దాకానే," అంది. ఏ మాత్రం నవ్వలేదు.

ఆవులన్నీ దాటేదాకా ఆగాం. వెన్నెలకి పండగే, అద్దాన్ని రెండు చేతులతో బాదుతూ కేరింతలు. మురళి విజయవాడ ఆయనకి ఫోన్ చేశాడు. "అయ్యయ్యో! నేను హామిల్టన్ వచ్చి రెండు వారాలే అయిందండీ. మీరు అడిగారు, చెప్పకపోతే బాగుండదు కదా అని..." అన్నాడాయన. ఆయన మీద కోపం రాలేదు. ఆ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

టౌపోలో పాలు

టౌపో పెద్ద సరస్సు ఒడ్డున ఊరు. కొన్నిచోట్ల రోడ్డు పక్కన నేలలోంచి ఆవిరి వస్తుంటుంది, ఎవరో కింద ఇడ్లీ పాత్ర పెట్టి మరిచిపోయినట్టు. ఊరి వాళ్లు దాని పక్కనుంచే కుక్కల్ని తిప్పుకుంటూ వెళ్తున్నారు.

మోటెల్ యజమానురాలు మోరిన్, తాళంచెవి ఇచ్చే ముందు "నీలమా, ఆకుపచ్చా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. నీలం మూతవి చిక్కటి పాలు, ఆకుపచ్చ మూతవి వెన్న తీసినవి. గదిలో దిగే ప్రతి వాళ్లకీ టీ పెట్టుకోవడానికి చిన్న పాల సీసా ఊరికే ఇస్తారు. ఈ దేశంలో ఏ మోటెల్లోనైనా ఇదే ఆచారమట. మన లాడ్జిల్లో ముందు అడ్వాన్సు, తర్వాత ఇంటి అడ్రసు, ఆ పైన అనుమానపు చూపు. ఆ చల్లటి సీసా పట్టుకుంటే చుట్టాలింటికి వచ్చినట్టు అనిపించింది.

వెనక వేడినీళ్ల తొట్టి ఉంది. పసిపిల్లని అందులో దించవచ్చా అని అడిగాను.

"అది నాకు తెలీదమ్మా. డాక్టర్ని అడగాలి."

మన వైపు ఆడవాళ్లయితే ఈపాటికి ముగ్గురు మూడు సలహాలు ఇచ్చి, ఒకావిడ పిల్లని ఎత్తుకుని తొట్టి దగ్గరకి వెళ్లిపోయేది. తొట్టి మానేశాం.

సరస్సు ఒడ్డున బెంచీ మీద కూర్చుని మురళి ఇంటర్వ్యూ చేసేవాడిలా గొంతు మార్చాడు. "సో, మిసెస్ ఇంజినీర్. పాత ఇటుక భవనం, భూకంపం. ఏం చేస్తావు?"

పుస్తకంలో ఉన్నదంతా ఏకబిగిన అప్పజెప్పాను.

"నాకేం అర్థం కాలే. పాస్," అన్నాడు.

ఎడారి రోడ్డు

ఇసుక లేని ఎడారి ఇది. మోకాలెత్తు గోధుమరంగు గడ్డి, గాలి, ఒక పక్క కొన మీద కాస్త మంచు పెట్టుకున్న అగ్నిపర్వతం. ఇళ్లు లేవు. పక్క నేలంతా సైన్యానిదట, లోపలికి రావద్దని బోర్డులు. ఇక్కడ కారు ఆగిపోతే ఎవరొస్తారని మూడు రకాలుగా భయపడ్డాను. ఏమీ కాలేదు. కారు దిగగానే గాలికి నా చున్నీ ఎగిరి గడ్డిలో పడింది. మురళి దాని వెనక పరిగెత్తాడు, ఆయన్ని చూసి ఎదురుగా వస్తున్న లారీ డ్రైవరు హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత మలుపుల్లో వెన్నెల ఆ చున్నీ మీదే కక్కింది.

తైహాపే అనే ఊళ్లో రేకులతో చేసిన పెద్ద రబ్బరు బూటు బొమ్మ ఉంది. మన కూడళ్లలో నాయకులు ఉండే చోట వీళ్లకి బూటు. రైతుల ఊరు, బురదలో రోజూ వేసుకునేది అదే. దాని పక్కన కూర్చుని మిగిలిన పులిహోర తిని, వెన్నెల బట్టలు మార్చి, బెల్టు రెండుసార్లు చూసి బయల్దేరాం.

లోవర్ హట్

వెల్లింగ్టన్‌లో హోటళ్లు ఖరీదు. పక్కనే లోయలో ఉన్న లోవర్ హట్‌లో షమీమ్ ఆంటీ ఇంట్లో దిగాం. మురళి చదువుకోడానికి ఈ దేశం వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లోనే ఒక గది అద్దెకి తీసుకున్నాడు. ఆంటీది కరీంనగర్. అంకుల్ పోయాక డెయిరీ ఒక్కతే నడుపుతోంది. ఇక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, పాలూ బ్రెడ్డూ పేపర్లూ లాలీపాపులూ అమ్మే మూలమీది కొట్టు. పాత ఎర్ర ఇటుకల రెండంతస్తుల ఇల్లు అది. ముందు కొట్టు, వెనక వంటిల్లు, పైన పడక గదులు. వంటింటి తలుపు పక్క సందులోకి తెరుచుకుంటుంది.

"ఎంత బక్కగైనవ్ మురళీ! నీ పెండ్లాం తిండి పెడ్తలేదా?"

"పెడ్తాంది ఆంటీ, పుస్తకాలు సదువుకుంటానే పెడ్తాంది."

"చదువుకోనియ్. ఆడపిల్ల సంతకం వెడితె బిల్డింగ్ లేస్తది, నీ లెక్క గాదు." నా పళ్లెంలో ఇంకో సర్వపిండి ముక్క వేసింది. బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ పచ్చిమిర్చీ వేసి పెనానికి అద్ది కాల్చింది. అంత కమ్మటిది నేను తినలేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే వంటింట్లో నేను వెన్నెలకి అన్నం పెడుతున్నాను. బల్ల దగ్గర ఆంటీ మనవరాలు జోయా స్కూలు బట్టల్లో టోస్టు తింటోంది. కింద నుంచి ఏదో గురగురమంది. దగ్గరలో స్టేషను ఉంది కదా, రైలనుకున్నాను. ఇంతలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి, నేల పక్కకి జారింది.

నేను వెన్నెలని ఎత్తుకుని తలుపు తోసుకుని సందులోకి పరిగెత్తాను. చిన్నప్పటి నుంచి విన్నది అదే. భూకంపం వస్తే ఇంట్లోంచి బయటికి పరిగెత్తాలి. గోడని ఆనుకుని నిలబడ్డాను. ఎంతసేపు ఊగిందో తెలియదు. ఆగాక, ఊపిరి తీసుకోడానికి తల పైకెత్తాను.

నా తల మీద, కప్పు దాటి పైకి లేచిన పిట్టగోడ ఉంది. ఎర్ర ఇటుకలు, వాటి మధ్య వేలు పట్టేంత బీట, ఆ బీటలో చిన్న గడ్డి మొక్క. ఇటుక గోడలు బయటికే కూలతాయి. ముందుగా పడేది పిట్టగోడే. పుస్తకాల్లో చదివి ఆ సంగతి ఇంటర్వ్యూ వాళ్లకి నాలుగు పేజీలు రాసి పంపిన మనిషిని నేను. పిల్లని గుండెలకి పెట్టుకుని సరిగ్గా దాని కిందే నిలబడ్డాను.

పిల్లతో లోపలికి వచ్చాను. ఆంటీ రెండు చేతులూ బార్లా చాపి ఊరగాయ సీసాల అర పట్టుకుని ఉంది. మురళి సగం గడ్డం నురగతో మెట్ల మీద ఉన్నాడు. జోయా బల్ల కింద ముడుచుకుని, ఒక చేత్తో బల్ల కాలు పట్టుకుని, రెండో చేత్తో టోస్టు తింటోంది.

"ఆంటీ, యూ హావ్ టు బి ఎ టర్టిల్," అంది నాతో. తాబేలులా ముడుచుకోవాలట. బడిలో నేర్పుతారట.

"ఏం గాలె బిడ్డా, గిట్ల అప్పుడప్పుడొస్తది. చాయ్ తాగు," అంది ఆంటీ.

వెల్లింగ్టన్

రైలు నిండా ఆఫీసులకి వెళ్లేవాళ్లు. పొద్దున ఊగిన సంగతి ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఒకాయన పేపరు తిప్పుతున్నాడు, ఒకావిడ మేజోడు అల్లుతోంది. పక్కనే సముద్రం పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంది. నాకు మాత్రం కళ్లు మూస్తే ఆ బీటే.

మురళి వెన్నెలతో బయట నడవాలో కూర్చున్నాడు. లోపల ఇద్దరు ఇంజినీర్లు. హెలెన్ అనే తెల్లజుట్టు ఆవిడ, సైకిలు హెల్మెట్ బల్ల మీద పెట్టుకున్న డేవిడ్. హెలెనే లేచి, నాకెంత చక్కెర కావాలో అడిగి, టీ కలిపి తెచ్చింది. మన దగ్గర ఇంటర్వ్యూ చేసే మనిషి టీ తెస్తే, ఇంటర్వ్యూకి వచ్చినవాడు లేచి నిలబడిపోతాడు. నేను నిజంగానే లేచి నిలబడ్డాను.

క్వీన్స్‌లాండ్‌లో నేను చేసిన నీళ్ల ట్యాంకు గురించి అడిగారు. అది నా చేతుల మీద లేచింది, ప్రతి బోల్టూ తెలుసు. గోదాముల గురించి అడిగారు. బాగానే సాగింది. అప్పుడు హెలెన్ నా పొడుగు వాక్యాన్ని పైకి చదివి, ఒక ఫోటో ముందుకు జరిపింది. రెండంతస్తుల పాత ఇటుక కొట్టు. షమీమ్ ఆంటీది కాదు గానీ, దాని అక్కలా ఉంది.

"శుక్రవారం సాయంత్రం దీని యజమాని ఫోన్ చేసి, పైన బీట కనిపిస్తోంది, వచ్చి చూస్తావా అంటాడు. ఏం చేస్తావు?"

నేను మొదలుపెట్టాను. బరువులు, బలాలు, స్టీలు కట్టడం, టౌపో సరస్సు దగ్గర అప్పజెప్పిందంతా. హెలెన్ వింటోంది, ఏమీ రాసుకోవడం లేదు. నేను ఆగాక డేవిడ్ మామూలుగా అడిగాడు.

"పొద్దున్నది తెలిసిందా నీకు? నువ్వేం చేశావు?"

నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. బల్ల కింద దూరి తల కాచుకున్నానని. పుస్తకంలో ఉన్నది అదే, కాదనేవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. కుర్చీ, గ్రేమ్ ఫైళ్లు అన్నీ ఆ జవాబు వెనకే ఉన్నాయి. బయట నడవాలో వెన్నెల ఏదో కూనిరాగం తీస్తోంది.

"రైలనుకున్నాను," అన్నాను. "తర్వాత పిల్లని ఎత్తుకుని బయటికి పరిగెత్తి, ఇలాంటి గోడ కిందే నిలబడ్డాను. పైన ఇలాంటి బీటే ఉంది."

హెలెన్ ఫోటో మీద వేలు పెట్టింది.

"ఇలాంటి భవనం ఎప్పుడైనా బాగుచేశావా?" అంది హెలెన్.

"లేదు. చదివాను, అంతే. నాకు తెలీదు."

పరీక్షలో ఆ మాట అనడం నా జీవితంలో అదే మొదలు. ఏదో విలువైనది చేజారి కింద పడినట్టు అనిపించింది.

"అయితే ఆ శుక్రవారం?"

"తెలిసిన మనిషి ఎవరో కనుక్కుని ఆయనకి చెబుతాను. ఈలోగా ఆ గోడ కింద ఎవరూ నడవకుండా ఆ సాయంత్రమే తాడు కట్టిస్తాను. దానికి లెక్కలు అక్కర్లేదు."

హెలెన్ నా వాక్యమున్న కాగితం, ఒక పెన్ను నా ముందు పెట్టింది. "ఇందులో ఏమైనా మారుస్తావా?"

ఇటుక కొట్టేశాను. పాత భవనాలు కొట్టేశాను. వంతెన ఒక్కటే, అదీ ఇంకొకరి కింద చేసింది, కొట్టేశాను. కొట్టేస్తూ పోతే చివరికి ఏమైనా మిగులుతుందా అని భయం వేసింది.

అప్పుడే వెన్నెల గుక్కపట్టింది. ఆ ఏడుపు నాకు తెలుసు, ఆకలి. తలుపు సందులో మురళి ముఖం. "సారీ, ఐ ట్రైడ్ ఎవ్రీథింగ్," అంటున్నాడు. నేను లేవబోతుంటే హెలెన్, "ఇక్కడే తాగించు, ఇంక ఒక్క ప్రశ్నే ఉంది," అంది. డేవిడ్ కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, ఓడరేవుని చూస్తూ, నేల మెత్తగా ఉన్నచోట నీళ్ల ట్యాంకు పునాది గురించి అడిగాడు. ఒళ్లో పిల్ల, దాని మీద కోటు. అంత నిదానంగా నేనెప్పుడూ జవాబు చెప్పలేదు.

"ఎట్ల జరిగింది?" అన్నాడు మురళి లిఫ్టులో.

"సగం కొట్టేశారండీ."

"వాళ్లా?"

"కాదు, నేనే."

మళ్లీ ఆంటీ ఇల్లు

తిరిగి వెళ్లేసరికి ఆంటీ నన్ను చెయ్యి పట్టుకుని సందులోకి తీసుకెళ్లింది. పొద్దున నేను పైకి చూస్తూ నిలబడిపోవడం ఆవిడ తెరిచిన తలుపులోంచి గమనించింది.

"గా గోడ జెర సూడు బిడ్డా. బాగుందని నువ్వొక మాట జెప్పు, నేను నిమ్మలంగ ఉంట."

నా రెండు ప్లేట్ల సర్వపిండి, పరుపు మీద వేసిన కొత్త దుప్పటి, అన్నీ గుర్తొచ్చాయి. బాగుంది ఆంటీ అనడం ఎంత తేలిక.

"నాకు తెలీదు ఆంటీ."

"గదేంది? నువ్వు ఇంజినీర్‌వి గాదా?"

"ఇంజినీర్‌నే. ఈ గోడ గురించి తెలిసిన ఇంజినీర్ వేరే ఉంటారు. ఎవరో కనుక్కుంటాను. వాళ్లొచ్చి చూసేదాకా ఇక్కడ ఎవరినీ నిలబడనివ్వకండి. మీరూ ఈ తలుపు వాడకండి."

ఆంటీ ముఖం చిన్నబోయింది. వచ్చిన దగ్గర్నుంచీ కడుపునిండా పెడుతుంటే, అడిగిన చిన్న మాట చెప్పదే ఈ పిల్ల అన్నట్టు చూసింది. నేను అక్కడి నుంచే గ్రేమ్‌కి ఫోన్ చేసి, వెల్లింగ్టన్‌లో పాత ఇటుక భవనాల పని తెలిసిన ఇంజినీరు పేరు అడిగి తీసుకున్నాను. మురళీ, నేనూ ఖాళీ బ్రెడ్డు ట్రేలు తెచ్చి సందు రెండు చివరలా పేర్చాం. జోయా వాటికి ఎర్ర రిబ్బను కట్టింది. ఆ రాత్రి ఆంటీ అన్నం పెట్టింది గానీ, మునుపటంత మాట్లాడలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు మాత్రం వెన్నెల చేతిలో ఒక లాలీపాప్, నా చేతిలో సర్వపిండి పొట్లం పెట్టింది. ఆ లాలీపాప్ తిననీయకూడదని వెన్నెల దగ్గర్నుంచి లాక్కోవడం వేరే కథ.

ఇల్లు

కొన్ని వారాలకి ఉత్తరం వచ్చింది. రిజిస్ట్రేషన్ ఇచ్చారు. నేను పూచీ పడగల పని అని అందులో ఉన్న వాక్యం ఒక్క వరుసలో ఇమిడిపోయింది: కొత్త గోదాములు, నీళ్ల ట్యాంకులు, చిన్న ఇళ్లు. మా ఆఫీసు యజమాని చదివి కాస్త నిరాశ పడ్డాడు. గ్రేమ్ దగ్గరున్న పాత ఇటుక భవనాల పని వేరే కంపెనీకి పోయింది. అదంతా నాకు వస్తుందని యజమాని అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. కుర్చీ నాదే, కాకపోతే దాని ముందున్న బల్ల మీద ఫైళ్లు సగమే. గ్రేమ్ కళ్లజోడు పైకెత్తి చదివి, "పొట్టి వాక్యం," అన్నాడు. మెచ్చుకున్నాడో లేదో ఈసారి నేను ఎవరికీ చెప్పలేదు.

షమీమ్ ఆంటీ ఫోన్ చేసింది. "మీ మనిషొచ్చిండు బిడ్డా. పైకెక్కి చేత్తోటి ముట్టుకుంటెనే ఇటుక ఊడొచ్చిందట. మొత్తం దించుతుండ్రు. ఖర్చు గానీ... జోయా గా సందులనే గదా ఆడుకునేది."

నిన్న నా మొదటి డ్రాయింగు బల్ల మీదకి వచ్చింది. హామిల్టన్ దగ్గర ఒక పాడి రైతు పొలంలో నీళ్ల ట్యాంకు. గ్రేమ్ తన పుస్తకాలు పెట్టెలో సర్దుకుంటున్నాడు. పెన్ను మూత తీసి, బోల్టుల లెక్క ఒకసారి చూశాను. మూత పెట్టి, మళ్లీ చూశాను.

"ఇప్పుడే చూశావు కదా," అన్నాడు గ్రేమ్.

"చూశాను. సరిగ్గా చూశానో లేదో అని."

ఆయన నవ్వి పెట్టె ఎత్తుకుని బయటికి వెళ్లాడు. నేను ఇంకొకసారి చూసి, సంతకం పెట్టాను.